పుక్కిలింతల ప్రగతి

పళ్లున్న ప్రతి పౌరుడికీ పుక్కిలించే హక్కు ఉందని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించిన రోజున పళ్ల ఆసుపత్రి ఆవరణలో చప్పట్లు ఒక పట్టాన ఆగలేదు. ఇకమీదట చిగుళ్ల జబ్బుకు యంత్రాలూ సూదులూ అక్కర్లేదనీ, ఆకులూ బెరళ్లూ లవంగాలూ వేసి కాచిన పచ్చటి నీళ్లు చాలనీ ఆయన సెలవిచ్చారు. ఈ ఘనత మన డాక్టరమ్మదేనని వెనక వరసకేసి వేలు చూపించారు. ఆ గౌరవానికి డాక్టరమ్మ ముందు కుర్చీ చాటుకి ఒదిగిపోయింది.

పరిశోధన ఆమెదే. పళ్ల గార తీసి శుభ్రం చేశాక ఆ కషాయంతో పుక్కిలిస్తే చిగుళ్ల సందుల్లోని క్రిములు కొంత తగ్గుతున్నాయని ఆమె రాసింది. మంత్రిగారికి పొడవాటి వాక్యాలు పడవు. అందుకని ఆయన ఆఫీసువాళ్లు 'గార తీసి శుభ్రం చేశాక' అన్న ముక్కనీ, 'కొంత' అన్న మాటనీ పీకేసి, వాక్యానికి ఆరోగ్యం చేకూర్చారు.

మర్నాడే గార తీసే కుర్చీలు దుప్పట్లు కప్పుకుని స్టోర్ రూముకి వెళ్లిపోయాయి. వాటి చోట వాష్‌బేసిన్లు బారులు తీరాయి. మొదటి ఈలకి రోగులంతా పుక్కిలించాలి, రెండో ఈలకి ఉమ్మాలి. కంగారులో కొందరు మింగేస్తుంటే ఉమ్మడంలో శిక్షణకి ప్రత్యేకాధికారిని వేశారు. తనిఖీకి వచ్చిన మంత్రిగారు హాలంతా ఒక్కసారిగా గళగళలాడడం విని కళ్లు తుడుచుకున్నారు.

"ఇన్నాళ్లకి ప్రజల గొంతు వింటున్నానయ్యా" అన్నారు.

ఆ ప్రజల్లో ఒక దర్జీ ఆవిడ ఉంది. నలభై దాటలేదు. పొద్దున్న లేస్తే దిండు మీద నెత్తురు మరకలని మొదటిసారి వచ్చినప్పుడు చెప్పింది. నెలల తరబడి బుద్ధిగా పుక్కిలించి, ఒకరోజు డాక్టరమ్మ గది గుమ్మంలో నిలబడింది.

"నోరు ఘుమఘుమలాడుతోంది డాక్టరమ్మా. పళ్లే ఊగుతున్నాయి."

డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. చిగుళ్ల కింద గార రాయిలా గట్టిపడి ఉంది. క్రిములు దాని చాటున హాయిగా కాపురం చేసుకుంటున్నాయి. పచ్చటి నీళ్లు వాటి ఇంటి కప్పు మీద వానలా కురిసి పోతున్నాయి.

ఆమె సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లి ఒక్క కుర్చీ ఇప్పించమంది. ఆయన మంచివాడు, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నాడు. కుర్చీ బయటికొస్తే పథకం లోపలికి పోతుందని నచ్చజెప్పాడు. "పోనీ, ఇంకాస్త గట్టిగా పుక్కిలించమనమ్మా" అని దారి కూడా చూపించాడు.

డాక్టరమ్మ వినలేదు. దర్జీ ఆవిడని స్టోర్ రూములోకి తీసుకెళ్లి, దుప్పటి తొలగించి, చేతి పనిముట్లతో గార తీయడం మొదలుపెట్టింది. కింది వరస సగమైనా కాకముందే శిక్షణాధికారి తలుపు తీశాడు. ప్రభుత్వ విధానాన్ని గీకినందుకు ఆమెకి మెమో వచ్చింది. రోగుల్ని ముట్టుకునే పని తప్పించి గణాంకాల విభాగంలో కూర్చోబెట్టారు. అక్కడి కిటికీలోంచి ఈలలు వినపడేవి. ప్రతి ఈలకీ ఆమె చేతిలో పెన్ను ఆగిపోయేది.

మరుసటి ఏడాది విజయోత్సవ సభ జరిగింది. ఆసుపత్రిలో చిగుళ్ల రోగుల సంఖ్య గణనీయంగా పడిపోయిందని మంత్రిగారు చాటారు. పూర్తిగా నయమైన వాళ్లకి ప్రతినిధిగా దర్జీ ఆవిడని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలవంచుకు నిలబడింది. అనుమానమున్నవాళ్ల కోసం డాక్టరమ్మనీ పిలిపించి మైకు ముందు నిలబెట్టారు.

"పరిశోధకురాలిగా మీరే చెప్పండి. ఈవిడకి ఇప్పుడు చిగుళ్ల జబ్బు ఉందా, లేదా?" అని మంత్రిగారు అడిగారు.

డాక్టరమ్మ దర్జీ ఆవిడ దగ్గరికి నడిచి, గడ్డం పట్టుకుని మెల్లగా నోరు తెరిపించి చూసింది. చిగుళ్ల మీద ఆమె వేలు ఈ చివర నుంచి ఆ చివరకి అడ్డు లేకుండా జారింది.

"లేదండి" అంది. అబద్ధమాడడం ఆమెకి చేతకాదు.

హాలు చప్పట్లతో దద్దరిల్లిపోయింది. మంత్రిగారు దర్జీ ఆవిడ పక్కన చేరి రెండువేళ్లు పైకెత్తారు. ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తి, మళ్లీ దించాడు.

"అమ్మా, మీరు కాస్త నోరు మూసుకుని నవ్వండి."