పచ్చలైటు మేడమ్

టీచర్లలో తట్టుకునే శక్తి ఎంతుందో కొలవాలని పైవాళ్లు నిర్ణయించారు. టీచర్లు సరిపోని చోట ఉన్న టీచర్లను కొలవడమే తక్షణ కర్తవ్యమని వారు గుర్తించినందుకు మనమంతా గర్వపడాలి. కొలిచే యంత్రం చేతికి కట్టే పట్టీ. గుండె నిమ్మళంగా ఉంటే పచ్చలైటు, అదిరితే ఎర్రలైటు.

లెక్కల మేడమ్‌కి ఆ కబురు తీపిగానే తోచింది. రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడి, ఒక కన్ను ఐదో తరగతి మీద, ఇంకో కన్ను ఆరో తరగతి మీద వేసి పాఠం చెప్పే విద్య ఆవిడకి ఎప్పుడో అబ్బింది. అటు తిరిగితే భిన్నాలు, ఇటు తిరిగితే కోణాలు. గొంతే మొరాయిస్తోంది. ఇంకో టీచర్ని వేయమని అడిగి అడిగి మరీ అరిగిపోయింది.

"ఎర్రలైటొస్తే ఇంకో టీచర్ని ఇస్తారా సార్?" అని బొంగురుగా అడిగింది.

"పట్టీ ఏం చెబితే అదేనమ్మా. మా చేతుల్లో ఏముంది?" అన్నాడు కొలతల అధికారి, పట్టీ చేతుల్లోనే పట్టుకుని.

కట్టారు. ఐదో తరగతిలో బెంచీ విరిగింది. పచ్చ. ఆరో తరగతిలో ఒకడు ఇంకొకడి చెవి కొరికాడు. పచ్చ. పైకప్పు పెచ్చు ఊడి బల్ల మీద పడింది. మేడమ్ దాన్ని పైకెత్తి, "ఇదేం త్రిభుజమో చెప్పండర్రా" అని పాఠంలో కలిపేసింది. పచ్చే.

'అదురవే తల్లీ, ఈ ఒక్కసారికీ' అని గుండెని లోలోపలే బతిమాలుకుంది. ఇన్నేళ్లూ అదరొద్దని కసిరి పెంచిన గుండె, ఇప్పుడు మాట వింటుందా?

విశ్రాంతిలోనూ కొలవాలని నియమముందట. అధికారి పిల్లలందర్నీ ఆటస్థలంలోకి తోలి, మేడమ్‌ని కుర్చీలో కూర్చోబెట్టాడు. బడంతా నిశ్శబ్దం.

బళ్లో నిశ్శబ్దమంటే ఏమిటో టీచర్లకి తెలుసు. ఎవడో ఏదో మింగేశాడు, లేదా ఎవడో గోడెక్కాడు. మేడమ్ గుండె గుభేలుమంది. పట్టీ ఎర్రగా వెలిగింది.

"వచ్చింది సార్! ఎర్రలైటు!"

"అయ్యయ్యో, విశ్రాంతి మీకస్సలు పడదమ్మా!" అని అధికారి కంగారుపడ్డాడు.

ఆవిడ ఆరోగ్యం దృష్ట్యా ఏడో తరగతి కూడా ఆవిడకే అప్పగించారు. గుమ్మానికి రెండు వైపులే ఉండటం సాంకేతిక లోపమని తేల్చి, మూడో గదికి చూపు ఆనేలా గోడకి కన్నం కొట్టించారు. టీచర్‌కి లేని నిధులు కన్నానికి దొరికాయి.

తర్వాత సన్మానసభ. తల్లిదండ్రులంతా వచ్చారు. పైవాళ్లలో ఒక పెద్దాయన మైకు పట్టుకుని, "ఈ తల్లి మనిషి కాదు, ఉక్కు! ఉక్కుకి సెలవెందుకు? ఉక్కుకి తోడెందుకు?" అని గర్జించి, మైకు మేడమ్‌కి అందించాడు.

ఇంత జనం ముందు అడిగితే కాదనలేరనుకుంది. ఇంకో టీచర్ని వేయమందామని నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ తెరిచింది. మళ్లీ గాలే.

"ఆనందంతో మాట పెగలట్లేదు పాపం!" అన్నాడు పెద్దాయన. మేడమ్ చేతి పట్టీ చక్కగా పచ్చగా వెలుగుతోంది.

చప్పట్లు మోగిపోయాయి. అందరికన్నా గట్టిగా కొట్టింది మీరేనని వినికిడి. మర్నాడే మీ పిల్లల్ని మాత్రం వేరే బడికి మార్చేశారట. తప్పేం లేదు లెండి. అంత తట్టుకునే శక్తి మీకెక్కడిది!