అసురుడి ఎడమ తొడ

దుర్గాపూజ పంచమి పొద్దున్న మణిమాల చెయ్యవలసిన పనులు ఇవీ. సింహం జూలుకి ఇంకాస్త కొబ్బరిపీచు అతికించాలి. సీసామూతల కిరీటం ఆరిందో లేదో చూడాలి. గొడుగు ఊచల త్రిశూలం అమ్మవారి చేతికి అందించాలి. అసురుడి ఎడమ తొడకి పాత చెప్పులు కొట్టించాలి. మంటపాల పోటీ న్యాయనిర్ణేతలు వచ్చేలోగా ఖగేన్ కాకూ నోరు మూయించాలి. ఆఖరిదే అన్నిటికన్నా కష్టం.

ఉత్తర కలకత్తాలోని ఆ వీధికి ఏటా మట్టి దుర్గే వచ్చేది. ఈసారి బళ్ళో డ్రాయింగు చెప్పే మణిమాల పట్టుబట్టి, ఇళ్ళలో పారేసిన సామానుతో అమ్మవారిని నిలబెట్టింది. వీధి క్లబ్బు కార్యదర్శి, అందరికీ బాబాయి వరసైన ఖగేన్ కాకూ ఒకటే మాటన్నాడు. "బహుమతి వస్తే సరే. రాకపోతే వచ్చే ఏడు మళ్ళీ మట్టే. నువ్వు ముగ్గులేసుకుందువుగాని తల్లీ."

మంటపం పనులకి సాయపడే హాబుల్ దాదాని మణిమాల పిలిచింది. "పాత చెప్పులు మంటపం గుమ్మం దగ్గర పడేసి వెళ్ళమని అందరికీ చెప్పాను. అక్కడున్నవన్నీ పట్టుకెళ్ళి తొడకి కొట్టెయ్యి దాదా."

చెప్పిన పని అక్షరాలా చెయ్యడం హాబుల్ స్వభావం. వెనక సందులో విడిగా పెట్టిన తొడ ముందు మేకులతో కూర్చున్నాడు.

అమ్మవారికి ఆయుధాలు పట్టించే వేళకి వీధి వీధంతా వస్తుందనీ, వచ్చినవాళ్ళు చెప్పులు గుమ్మం దగ్గరే విడుస్తారనీ ఆ హడావిడిలో మణిమాలకి తట్టలేదు.

శంఖం మోగింది, త్రిశూలం తల్లి చేతికెక్కింది. జనం బయటికొచ్చారు.

"నా చెప్పులేవీ?" అంది వీధికంతటికీ మేనత్తలాంటి సుహాసినీ పిషీ. "మొన్ననే కొన్నాను!"

"మీ కోడలు వేసుకెళ్ళిందేమో అడగండి," అంది ఎదురింటి బూలూ దీదీ.

"మా కోడలిది నీలా ఏనుగు పాదం కాదమ్మా!"

"ఏనుగు పాదమైతే మీ చెప్పులు నాకెలా పడతాయి, నన్నెందుకలా చూస్తారు?"

ఒకరి గుమ్మంలో ఒకరు వెతుక్కుంటూ వీధంతా ఉత్తి కాళ్ళతో తిరుగుతుండగా న్యాయనిర్ణేతలు ఇద్దరూ దిగారు. పెద్దాయన ధూర్జటి బాబు ఆ పాదాలన్నీ చూసి నిలబడిపోయాడు.

"వీధి మొత్తం పాదరక్షలు వదిలేసిందా! ఏం భక్తి!" అని గుమ్మం దగ్గరే బూట్లు విప్పేశాడు. రెండో ఆయన నివారణ్ బాబూ విప్పక తప్పలేదు.

పెద్దాయన ఏమంటున్నాడో మణిమాలకి బోధపడలేదు. తల ఊపి లోపలికి తీసుకెళ్ళింది. కాసేపటికి హాబుల్ తొడని భుజాన మోసుకొచ్చి, అందరి ముందూ అసురుడికి బిగించాడు. తల్లి పాదం సరిగ్గా దానిమీద ఆనింది.

ధూర్జటి బాబు వంగి చూశాడు. "ఇవి అచ్చం నా బూట్లలా ఉన్నాయే."

"మీవే బాబూ," అన్నాడు హాబుల్. "తోలు మంచిది. మేకు దిగడానికి ప్రాణం పోయింది."

ఖగేన్ కాకూ నెత్తిన చేతులు పెట్టుకుని, "మట్టి! వచ్చే ఏడు మట్టే!" అన్నాడు. వెనకనుంచి పిషీ కేక: "ఆ మోకాలి మీదున్నవి నావే!"

"పొరపాటైపోయింది సార్, ఇప్పుడే పీకించేస్తాను," అంది మణిమాల.

"ముట్టుకోకు!" ధూర్జటి బాబు కళ్ళు చెమ్మగిల్లాయి. "చూసేవాడి అహంకారాన్ని కూడా విప్పించి తల్లి కాలి కింద పెట్టావు. ఇలాంటిది ఇంతవరకూ ఎవరికీ తట్టలేదమ్మా."

"కాదు సార్, నిజంగా పొరపాటే..."

"పైగా ఈ వినయం!"

సాయంత్రానికి మొదటి బహుమతి వార్త తెలిసింది. చెప్పుల కోసం జుట్లు పట్టుకోబోయినవాళ్ళు ఇప్పుడు తల్లి పాదం ఎవరి చెప్పు మీద ఉందో తేలక జుట్లు పట్టుకోబోయారు. చెప్పులు పోనివాళ్ళు కొత్త జతలు తెచ్చి, "మావీ కొట్టు దాదా," అని హాబుల్ చుట్టూ మూగారు. "వచ్చే ఏడు బొమ్మ కూడా నీదే తల్లీ," అన్నాడు ఖగేన్ కాకూ, ఏం జరిగిందో ఇప్పటికీ అర్థంకాక.

మీరు ఆ అసురుణ్ణి చూడ్డానికి వెళితే నివారణ్ బాబుని ఒక్కసారి తలుచుకోండి. తొడ మీద చోటు చాలక ఆయన బూట్లలో ఒక్కటే పట్టింది. రెండోది వేసుకుని ఆయన ట్రామెక్కారు.