నాన్నమ్మ తోమిన బేరింగ్

ఆ ఉదయం అక్క తలపెట్టింది చిన్న పనే. కారు ముందు చక్రం బేరింగ్ అరిగి హోరుమంటోంది. మధ్యాహ్నం డ్రైవింగ్ స్కూల్ యజమాని ఇంటికొచ్చి కారు నడిపి చూస్తాడు. ఆ హోరు వినిపించిందంటే, డ్రైవింగ్ నేర్పే ఉద్యోగం ఆమెకు ఇక దక్కనట్టే. అందుకే మెకానిక్‌కు ఫోన్ చేయబోయింది. తమ్ముడు ఫోన్ లాక్కున్నాడు.

"బేరింగ్ మార్చడానికి మెకానిక్ ఎందుకక్కా? నేను లేనా?"

"ఉన్నావనే నా భయం. మొన్న ఫ్యాను బాగుచేస్తానని వీధంతా చీకటి చేశావు."

తమ్ముడు విననట్టే పనిలోకి దిగాడు. చల్లబడితే కాస్త కుంచించుకుని సులువుగా దూరుతుందని కొత్త బేరింగ్‌ను ఫ్రీజర్‌లో పెట్టాడు. పాతదాన్ని సుత్తితో కొట్టి, దాని ఇనుప దిమ్మలోంచి ఊడదీశాడు. కొత్తదాన్ని దిమ్మలోకి నొక్కే యంత్రం లేదు కాబట్టి ఒక పొడవాటి బోల్టు, ఒక స్టీలు గ్లాసు తెచ్చుకున్నాడు. గ్లాసును బేరింగ్‌కు ఆనించి నట్టు బిగిస్తే చాలట.

"నాన్నమ్మా, బేరింగ్ ఇటియ్యి," అని గ్లౌజులు తొడిగిన చేతులు చాచాడు. నాన్నమ్మ అందించింది. అతను బిగించాడు. బేరింగ్ సగం దూరి వంకరగా ఇరుక్కుంది. గ్లాసు రేకులా అణిగిపోయింది.

అక్క తాకి చూసింది. "ఫ్రీజర్‌లోది కాలుతోందేంట్రా?"

"జిడ్డు వస్తువు తినేవాటి పక్కన పెడతారా ఎవరైనా?" అంది నాన్నమ్మ. "పైపైన సబ్బుతో తోమి, పొయ్యి పక్కన ఆరబెట్టా."

తమ్ముడు నేలమీద కూలబడ్డాడు. అక్కకు కూలబడే తీరిక లేదు. బేరింగ్‌ను వెనక్కి తట్టి బయటికి తీసి, సంచిలో చుట్టి ఐసుముక్కల్లో పాతేసింది.

"నాన్నమ్మా, ఆ మరిగే నీళ్లు పట్రా."

"టీకి పెట్టుకున్నానే అవి."

"టీ తర్వాత తాగుదువుగాని. ముందు ఈ దిమ్మ మీద పొయ్యి, వేడికి కాస్త సాగుతుంది."

నాన్నమ్మ గొణుక్కుంటూనే దిమ్మ మీద నీళ్లు పోసింది. ఈసారి గ్లాసు బదులు అక్క పాత బేరింగ్‌నే ఆనించింది. రెండింటి వెడల్పూ ఒకటే కదా. స్పానర్‌కు కుళాయి పైపు తొడిగి, బరువంతా వేసి తిప్పింది. టక్‌మంది.

"కూర్చుంది," అన్నాడు తమ్ముడు, గట్టిగా అంటే లేచిపోతుందేమో అన్నట్టు.

యజమాని వచ్చి వీధి చివరిదాకా నడిపి తిరిగొచ్చాడు. "ఇంజను ఆగిపోయిందేమోనని రెండుసార్లు చూసుకున్నానమ్మా. రేపట్నుంచి వచ్చెయ్యి. ఇంతకీ బాగుచేసిందెవరు?"

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. అక్క నోరు తెరిచింది.

"నేనే," అంది నాన్నమ్మ.

"మా స్కూల్లో ఇలా హోరెత్తే కార్లు చాలా ఉన్నాయి మామ్మగారూ."

"పంపించు నాయనా, చూద్దాం."

కాదనే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. రాత్రి వంట ఆమెదే.