గుంటలు తవ్విన పదకొండు ట్రాక్టర్లు

ఒక పెద్ద అడవిలో నీళ్లకు కరువు గాని కమిటీలకు కరువు లేదు. ఉన్న ఒక్క చెరువూ పూడిపోయింది. అందులో కాపురముండే తాబేలు అవ్వకు నీళ్లు వీపు దాకా కూడా రావడం లేదు. చేపలు ఒక్కొక్కటే కొంగల పాలవుతుంటే చూడలేక, ఆ ముసలిది పాకుతూ పంచాయతీకి వచ్చింది.

"వానలకి రెండు నెలలే ఉంది నాయనా. ఈలోగా పూడిక తీయకపోతే మేమెవరమూ మిగలం" అంది. ఆ మాట అంటుంటే దానికి ఏడుపొచ్చింది.

అధ్యక్షుడు ఏనుగుగారికీ కళ్లు చెమర్చాయి. సభల్లో కళ్లు చెమర్చడం ఆయనకు బాగా అలవాటు. వెంటనే ఒక చిన్న ట్రాక్టరు కొనాలని తీర్మానించారు. అది చెట్ల సందుల్లో పట్టాలి. ముందు మట్టి ఎత్తిపోసే బకెట్, వెనక తేలు కొండిలా వంగి తవ్వే చెయ్యి ఉండాలి. ఎంపిక కమిటీకి నక్క కార్యదర్శి, ఎలుగుబంటి సభ్యుడు.

నక్కకు ట్రాక్టరుతో పని లేదు, ట్రాక్టర్లు అమ్మే కోతులతోనే పని. అమ్ముకోవడానికి వచ్చేవాడు వట్టి చేతులతో రాడని దానికి తెలుసు. అందుకే ప్రతి బండి చేతా ఒక గుంట తవ్వించి పరీక్షించాలని రూలు రాసింది.

"ఆ తవ్వేదేదో చెరువులోనే తవ్వించరాదా?" అంది తాబేలు.

"చెరువులో తవ్వితే అది పని అవుతుంది అవ్వా. కొనకముందే పని చేయించుకోవడానికి రూలు ఒప్పుకోదు" అంది నక్క.

తాబేలుకు ఒళ్లు మండింది. అయినా నెమ్మదిగా అంది.

"సరే నాయనా. కానీ తలో చోటా తవ్విస్తే ఏది ఎంత లోతు తవ్విందో ఎలా పోలుస్తావు? అన్నీ ఒకదాని పక్కన ఒకటి, నీ బొరియ ముందున్న పల్లంలో తవ్వించు. నీ కళ్లెదుటే ఉంటాయి."

కోతులు తెచ్చే కోళ్లు కూడా కళ్లెదుటే ఉంటాయి కదా అనుకుని నక్క సరేనంది.

మొదటి కోతి ట్రాక్టరు తెచ్చింది, తేనెపట్టు తెచ్చింది, రెండు కోళ్లు తెచ్చింది. బండి చక్కగా తవ్వింది. ఏనుగుగారు సీటు మీద కూర్చోబోతే ముందు చక్రాలు గాల్లోకి లేచాయి.

"బండిలో బలం లేదు" అన్నారాయన.

రెండోది బలమైనదే గాని రెండు మద్దిచెట్ల మధ్య ఇరుక్కుంది. మూడోదాని బకెట్లో ఎలుగుబంటి పడుకుని చూసి, నడుముకు సుఖంగా లేదంది. నాలుగోది అన్నిటికీ సరిపోయింది. తాబేలుకు ప్రాణం లేచొచ్చింది.

"ఇంత బాగుందంటే ఏదో లోపం దాస్తున్నారన్నమాట. పోల్చడానికి ఇంకో ఏడు చూద్దాం" అంది నక్క, కోడికాలు చప్పరిస్తూ.

కోతులకు పంతం వచ్చింది. ముందువాడి గుంట మూరెడు లోతుంటే తర్వాతవాడు బారెడు తవ్వాడు. గుంటల మధ్య గట్లు కూలి అన్నీ కలిసిపోయాయి. తవ్విన మట్టిని బకెట్లతో ఎత్తి దిగువ వైపు పోయించింది తాబేలు, చూడ్డానికి శుభ్రంగా ఉంటుందని చెప్పి. పదకొండో బండి నాటికి రెండు నెలలూ గడిచిపోయాయి, అక్కడ ఏనుగు మునిగేంత గొయ్యి, దానికో గట్టు తయారయ్యాయి. ట్రాక్టరు మాత్రం ఎంపిక కాలేదు.

ఆ వారమే వాన దంచికొట్టింది. కొండ మీది నీళ్లన్నీ పల్లంలోకి దిగాయి. మిగిలిన చేపల్ని వెంటబెట్టుకుని తాబేలు వాననీటి కాలవలోంచి కొత్త చెరువులోకి వచ్చేసింది. మునిగి, ఈది, మళ్లీ మునిగింది. దాని సంతోషం చెప్పనలవి కాదు.

నక్క బొరియ నిలువునా మునిగింది. అది తడిసిన ఫైలు చంకలో పెట్టుకుని గట్టెక్కి, చెరువులో జలకాలాడుతున్న ఏనుగుగారికి మొర పెట్టుకుంది.

"అధ్యక్షా, నాకు కొత్త బొరియ తవ్వించాలి. పిల్లలు వానలో నానుతున్నారు."

ఏనుగుగారి కళ్లు చెమర్చాయి.

"తప్పకుండా తవ్విద్దాం కార్యదర్శిగారూ. ముందు ఒక మంచి ట్రాక్టరు ఎంపిక చేయండి."

నీతి: కమిటీ చేత పని చేయించుకోవాలంటే దాన్ని పని అనకూడదు, పరీక్ష అనాలి.