బాద్షాతో కాశీకి

ఈ దేశంలో నిశ్చింతగా ప్రయాణం చేయగల ఏకైక పౌరుడు, ఉన్నవాళ్లింటి పెంపుడు కుక్క అని ఇందుమూలంగా తెలియజేయడమైనది. (అభ్యంతరం ఉన్నవారు మూడు ప్రతుల్లో రాసి తమ దగ్గరే భద్రపరుచుకోవలెను.)

మా అమ్మ మాణిక్యమ్మ గౌలిపురలో నలభై ఏళ్లుగా ఇళ్లకు పాలు పోస్తోంది. కాశీకి వెళ్లి, గంగాజలం తెచ్చి పూజగదిలో పెట్టుకోవాలన్నది ఆమెకున్న ఒకే ఒక్క కోరిక. మూడుసార్లు రైలు టికెట్లు తీశాం. మూడుసార్లూ వెయిటింగ్ లిస్టులోనే ఆగిపోయాం. చివరిసారి మా నంబరు తొంభై నుంచి ఎనభై తొమ్మిదికి వచ్చిందని అమ్మ కొబ్బరికాయ కూడా కొట్టింది.

ఇంతలో, ఆమె పాలు పోసే ముత్యాల వ్యాపారి విమలాదేవి గారి ఇంట్లో పెళ్లి వచ్చింది, కాశీలో. బంధువులంతా మామూలు విమానం ఎక్కుతారు. వాళ్ల కుక్క బాద్షాగారికి మాత్రం జనం పడరు కాబట్టి ప్రైవేటు జెట్టు.

"నీ చేతి పెరుగన్నం తప్ప వాడు ఏదీ ముట్టడు మాణిక్యమ్మా, నువ్వే తోడు పోవాలె" అన్నారు విమలాదేవి గారు.

"కాలభైరవుడు తన బండిని నా కోసం పంపిండు బిడ్డా" అంది అమ్మ ఇంటికొచ్చి, కళ్లు తుడుచుకుంటూ.

మర్నాడు జెట్టు కంపెనీ జంతు గౌరవ విభాగం అధికారి జగదీశ్వర్ గారు రెండు ఫారాలతో మా ఇంటికి దయచేశారు. బాద్షాగారిది ఒక పేజీ. కిటికీ పక్క సీటు కావాలా? నిద్రకు ముందు పాట కావాలా? అమ్మది పదకొండు పేజీలు. టీకాలన్నీ వేయించారా? కొత్తవాళ్లను చూసి అరుస్తారా? ఎవరినైనా కరిచారా?

"కరుసుడు లేదు సార్. అరుసుడు సంగతి మా కోడల్ని అడుగు."

లోపల నా భార్య గిన్నెను ఠంగున కింద పెట్టింది. అధికారి 'అప్పుడప్పుడు' అని రాసుకున్నారు.

తర్వాత ఆయన చూపు అమ్మ సర్దుకున్న రాగిచెంబు మీద పడింది.

"ఇదేందమ్మా? సహాయకులు నీళ్లు తెచ్చుడు బంద్."

"వచ్చేటప్పుడు గంగ నీళ్లకు సార్."

"ఏ నీళ్లయినా నీళ్లే కద."

"మరి కుక్కకు?"

"బాద్షాకు పది లీటర్ల దాకా తాగునీరు తేవచ్చు. అది ఆయన హక్కు."

అమ్మ చెంబును బోర్లించింది. "గంగ లేకుంట కాశీకి పోయి ఏం లాభం బిడ్డా?" అంది. దేవుణ్ణి అడిగాను, ఆయనా ముందు ఫారం నింపమన్నట్టే అనిపించింది.

అయినా వెళ్లింది. అక్కడ మరో నిబంధన ఎదురైంది: సహాయకురాలు కుక్కకు పది అడుగుల దూరం దాటరాదు. కుక్కకు గుడిలోకి ప్రవేశం లేదు. కాబట్టి అమ్మ వీధి మలుపులో బాద్షాగారి పక్కన నిలబడి, శిఖరం చూసి దండం పెట్టుకుంది. (శిఖర దర్శనం చాలని పెద్దలు చెప్పారు. ఈ పది అడుగుల సంగతి వాళ్లకు ముందే తెలుసా అన్నది నా చిన్న సందేహం.) గంగ ఒడ్డున మాత్రం బాద్షాగారికి రోజూ పొద్దున వాకింగ్ ఉండేది.

అయిదో రోజు అమ్మ ఇల్లు చేరింది. చేతిలో రెండు లీటర్ల సీసా.

"ఎట్ల తెచ్చినవే అమ్మా?"

"నేనేడ తెచ్చిన? బాద్షా తెచ్చుకున్నడు. గంగల నింపి ఆయన పేరు రాపిచ్చిన. జెట్టు ఎక్కేటప్పుడు, వెంట వచ్చిన జగదీశ్వర్ సారే ముద్ర కొట్టిండు. ఈడ దిగినంక బాద్షాకు బోరు నీళ్లు పోసిన, మస్తుగ తాగిండు."

సీసా ఇప్పుడు మా పూజగదిలో ఉంది. దాని మీద చీటీ: 'బాద్షా తాగునీరు. మనుషులు వాడరాదు.' కింద సంతకం, తేదీ, గుండ్రటి ముద్ర. చీటీ పీకేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. "ఉండనీ. రేపు ఎవరన్న అడిగితే కాగితం ఉండాలె" అంది.

అందుకని రోజూ పొద్దున స్నానాలు చేసి, దీపం పెట్టి, తలుపు గడియ వేసుకుని, మేం మనుషులమని బయట ఎవరికీ తెలియకుండా తలా ఒక చెంచా తీర్థం పుచ్చుకుంటున్నాం.