పెళ్లికొడుకు కారు వెనక్కి తిరగరాదు

అంతోని వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. మేనల్లుడు మరియదాసునూ, వాడి తల్లి తెరేసమ్మనూ తన అంబాసిడర్‌లో ఎక్కించుకుని పొద్దున్నే విజయవాడలో బయల్దేరతాడు. వెనకాలే పెళ్లివారి బస్సు వస్తుంది. హనుమాన్ జంక్షన్‌లో కుడికి తిరిగి, పది గంటల లోపల గుడివాడ చర్చికి చేరాలి. పది దాటితే ఫాదరుగారు మరో పెళ్లికి పామర్రు వెళ్లిపోతారు. మర్నాటి నుంచి తపస్సు కాలం, చర్చిలో పెళ్లిళ్లు చెయ్యరు. ఇక ఈస్టరు దాకా మరియదాసు బ్రహ్మచారే.

అంతోనికి లైసెన్సు కొత్త. రోడ్డు నియమాలను జపమాల చెప్పినంత భక్తిగా వల్లించేవాడు. జంక్షన్‌లో ఎలా మసులుకోవాలో మేనల్లుడికి వివరిస్తూండగానే ఆ జంక్షన్ కాస్తా దాటిపోయింది.

"మావయ్యా, గుడివాడ రోడ్డు వెనకుండిపోయింది. ఇక్కడే తిప్పెయ్."

"జంక్షన్ పక్కన తిప్పితే అన్ని వైపులవాళ్లూ వచ్చి మనల్నే గుద్దుతారు. ముందుకెళ్లి, అటూ ఇటూ రోడ్డు బాగా కనపడే చోట, చెయ్యి చూపించి తిప్పాలి."

అలాంటి చోటు దొరికింది. అంతోని కిటికీలోంచి చెయ్యి చాపాడు. వెనకసీట్లోంచి తెరేసమ్మ కాలరు పట్టుకుంది.

"పెళ్లికొడుకున్న కారు వెనక్కి తిప్పుతావట్రా?"

"మనం క్రైస్తవులం అక్కా! మనకి శకునాలేంటి?"

"శకునాలు లేవు. కారు మాత్రం తిప్పొద్దు."

చివరికి రాజీ కుదిరింది. మరియదాసు దిగి రోడ్డు పక్కన నిలబడతాడు. కారు తిరిగాక ఎక్కుతాడు. అప్పుడు తిరిగింది కారే కాని, పెళ్లికొడుకు కాదు.

ఇదంతా బస్సులోవాళ్లకు తెలియదు. కారు ఎందుకు ముందుకు పోయిందో అర్థంకాక బస్సు జంక్షన్ దాటీ దాటగానే ఆగింది. ముందుసీట్లో ఉన్న పెళ్లికొడుకు పెదనాన్న శౌరయ్యకు, సూటు వేసుకున్న మరియదాసు కారు దిగి మొహం తుడుచుకోవడం కనిపించింది.

"పెళ్లి వద్దని దిగిపోయాడర్రా! పట్టుకోండి!"

అంతోని అద్దంలో చూసి, చెయ్యి చాపి, శ్రద్ధగా కారు తిప్పుకునేలోపల నలుగురు మనుషులు పెళ్లికొడుకును మోసుకెళ్లి బస్సులో పడేశారు. "అది కాదు పెదనాన్నా" అంటున్న వాడి మాట ఎవరూ వినిపించుకోలేదు.

"గుడివాడ పోనివ్వవయ్యా!" అన్నాడు శౌరయ్య. డ్రైవరు జంక్షన్ పక్కనే బస్సు తిప్పాడు. అది సగం తిరిగి, రెండు గడ్డి బళ్ల మధ్య రోడ్డుకు అడ్డంగా ఇరుక్కుంది. కానిస్టేబుల్ ఈల వేసుకుంటూ వచ్చాడు.

అంతోని చేరేసరికి పెళ్లికొడుకు తల బస్సు కిటికీలోంచి వేలాడుతోంది.

"మావాడికి రూల్సన్నీ తెలుసండీ. అడగండి!" అన్నాడు శౌరయ్య, అంతోనిని చూపిస్తూ.

"ఏమండీ, ఇక్కడ బస్సు తిప్పొచ్చా?" అన్నాడు కానిస్టేబుల్.

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. అంతోనికి ఏడుపొచ్చినంత పనైంది.

"తప్పేనండీ. ఇంకా చాలా దూరం వెళ్లి తిప్పాలి."

కానిస్టేబుల్ పెళ్లికొడుకును మాత్రం కారులోకి వదిలి, బస్సును స్టేషనుకు పట్టించాడు.

ఫాదరుగారు మోటారుసైకిలు ఎక్కబోతుండగా కారు చర్చి ముందు ఆగింది. పెళ్లి జరిగిపోయింది. మగపెళ్లివారి తరఫున తల్లీ మేనమామా తప్ప ఎవరూ లేరు. కాఫీ చల్లారిందని అలిగినవాళ్లు లేరు, విడిది బాగాలేదన్నవాళ్లు లేరు. సాయంత్రానికి బస్సు వచ్చింది. అందులోవాళ్లు ఆకలి మీద ఉన్నారేమో, నోరెత్తకుండా భోంచేశారు.

పెళ్లికూతురి తండ్రి వెతుక్కుంటూ వస్తుంటే అంతోని చివాట్లకు సిద్ధమయ్యాడు. ఆయన వచ్చి అంతోని చేతులు రెండూ పట్టుకున్నాడు.

"అంతోనిగారూ, మా రెండో అమ్మాయి పెళ్లికి కూడా మగపెళ్లివారిని మీరే తీసుకురావాలండీ."

బస్సుకు మాత్రం ఆ డ్రైవరునే పెట్టాలన్నాడు.