ఎరువు షేర్వానీ

ఆ పొద్దు కరీంకు ఉన్న పని ఒక్కటే. పది గంటలకల్లా తాలూకా కచేరీకి పోయి, గుమాస్తా ఉద్యోగానికి అర్జీ ఇచ్చి, తహసీల్దారు అడిగినదానికి జవాబు చెప్పి రావాలి. ఉప్పునుంతలలో మిడిల్ పాసైన కుర్రాళ్లు ఇద్దరే, అందులో కరీం ఒకడు. ఉర్దూ రాత ముత్యాలే. నోరు మాత్రం దేవుడు ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి తీసుకున్నాడు. పెద్దమనుషుల ముందు నిలబడితే చాలు, మాట పెగలదు. ఇంతకుముందు రెండు కచేరీల్లో పేరడిగితే పేరు కూడా చెప్పలేక తిరిగొచ్చాడు. ఇదీ పోతే రేపట్నుంచి మేనమామ దగ్గర దూది ఏకడమే.

"భయమైతే మాట్లాడకు బిడ్డా. మంచిగ సలాం చేసి నిలబడు. మిగిలింది గీ షేర్వానీ చూసుకుంటది" అంది తల్లి షరీఫాబీ.

ఇత్తడి గుండీల ఆ షేర్వానీ పక్కింటి ఖాజా మియాది. గిర్దావరుగా శిస్తు లెక్కలు చూస్తూ ఊళ్లన్నీ తిరిగి, పించను పుచ్చుకున్న మనిషి. ఎరువుల సొమ్ము బరువుల చేటని పెద్దలు ఊరికే అన్నారా! అయినా తల్లి మొహం చూసి కరీం తొడుక్కున్నాడు. ఎర్ర టోపీ పెట్టుకుని నడక మొదలుపెట్టాడు.

మూడు మైళ్లు పోయాక ఒక ఊరి మొదట్లో వెట్టి కురుమూర్తి కనిపించాడు. అధికారి వస్తే ఎదురేగి మూట మోయడం, బండి ముందు పరుగెత్తి పొలిమేర దాటించడం ఆ ముసలాయన బతుకు. ఇత్తడి గుండీలు చూడగానే చేతికర్ర కింద పడేసి వంగి దండం పెట్టాడు.

"ఏ కచేరీ, సర్కార్?"

కరీం నోరు తెరిచాడు. మాట రాలేదు. చిన్న అధికారులు తిడతారు, పెద్దవాళ్లు అసలు మాట్లాడరు. కురుమూర్తికి తెలిసిన లోకం అది. కాబట్టి ఈయన చాలా పెద్దాయనే.

"తప్పుకోండ్రి! సర్కార్ వస్తుండు!" అని ఊళ్లోకి కేకేశాడు.

ఊరు కదిలింది. పటేలు భార్య జములమ్మ కాళ్లు కట్టిన కోడిని తెచ్చింది. "గింతే ఉంది దొరా, కోపం చెయ్యకు" అంది. వద్దని కరీం తల అడ్డంగా ఊపాడు. చాలలేదేమోనని ఆమె నాలుగు గుడ్లు కూడా తెచ్చింది. సంతకు పోతున్న పెంటయ్య మిరప బస్తాలు దించేసి కరీంను బండెక్కించాడు. గుడ్లు ఒళ్లో, కోడి పక్కన, బండి ముందు కురుమూర్తి పరుగు.

పొలిమేర వచ్చింది. అక్కడ అందుకోవాల్సిన పొరుగూరి వెట్టివాడు కనిపించలేదు, కురుమూర్తే ముందుకు ఉరికాడు. పొద్దుటెండ అప్పుడే చుర్రుమంటోంది. "ఆగు తాతా" అందామని కరీం చెయ్యి ఊపాడు. తొందర పడమంటున్నాడనుకుని కురుమూర్తి ఇంకా జోరుగా ఉరికాడు. కరీంకు ఏడుపొచ్చింది. తన నోటికి పట్టిన తాళానికి ఆ ముసలి కాళ్లు ఎందుకు అరగాలి?

కచేరీ ముందు బండి ఆగేసరికి జవాను సలాం కొట్టాడు. ఎవరో తనిఖీకి వచ్చారన్న మాట లోపలికి పాకింది. గుండీలు తప్పుగా పెట్టుకుంటూ తహసీల్దారే బయటికొచ్చాడు.

"హుజూర్! కబురైనా లేదు..."

కురుమూర్తి గోడకు ఒరిగి రొప్పుతున్నాడు. కళ్లు తేలేస్తున్నాడు. కరీం బండి మీంచి దూకాడు. గుడ్లు నాలుగూ పగిలాయి.

"ముందు గా తాతకు నీళ్లియ్యుండ్రి!" అని అరిచాడు. ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది. "నేను దొరను కాదు సాబ్! నా పేరు కరీం. నౌకరీ అడగనీకె వచ్చిన. షేర్వానీ గూడ నాది కాదు!"

కచేరీ వాళ్లంతా చూస్తూ నిలబడ్డారు. కరీం తనే కుండలోంచి నీళ్లు ముంచి తెచ్చి, తాత తలను ఒడిలో పెట్టుకుని తాగించాడు. తహసీల్దారు గుండీలు సరిచేసుకున్నాడు.

"ఇంత దూరం నోరెందుకు మూసుకున్నవ్?"

"భయం, సాబ్."

"మరి ఇప్పుడు?"

"తాత రొప్పుతుంటే భయం యాదికి రాలే."

తహసీల్దారు అర్జీ అడిగి తీసుకుని చదివాడు, రాత చూశాడు, కురుమూర్తి వైపు చూశాడు. "రాసేటోళ్లు నాకు నలుగురున్నరు. ముసలాయన పడిపోతుంటే ఒక్కడూ కదల్లేదు. నేనూ కదల్లే. రేపు పొద్దుగాల పనికి రా."

కురుమూర్తి కళ్లు తుడుచుకుని నవ్వాడు. "నువ్వు దొరవు కాకుంటేనేంది బిడ్డా, నీళ్లు సల్లగున్నయి" అన్నాడు. పెంటయ్య తాతను బండెక్కించుకుని వెనక్కి తోలాడు.

ఉద్యోగం లేని పొద్దున కోడి బండెక్కి వచ్చింది. ఉద్యోగమొచ్చిన సాయంత్రం, షేర్వానీ మడిచి సంకలో పెట్టుకుని ఆ కోడిని జములమ్మకు తిరిగివ్వడానికి కరీం నడిచే పోయాడు, దారిలో ఒక్కరూ తప్పుకోలేదు.